కుళాయి లెక్క సరే, ఊట లెక్క ఎవరు రాస్తారు?



పోస్టు పెద్దదే, ముందే చెప్పేస్తున్నాను. పరీక్షలు అయ్యాక హాస్టళ్ళు ఖాళీ చేసి చాలామంది ఊళ్ళకి వెళ్తారు కదా, ఆలోపు చదివితే పనికొస్తుందని ఇప్పుడే రాస్తున్నాను. నచ్చకపోతే కింద తిట్టండి. కానీ పూర్తిగా చదివి తిట్టండి.

మన గ్రూపులో నీళ్ళ మాట వచ్చిన ప్రతిసారీ ఒకటే జరుగుతుంది. ఎవరో ఒకరు చలమ దగ్గర గిన్నెతో నీళ్ళు తోడుతున్న అమ్మల ఫోటో పెడతారు. కింద యాభై మంది సిగ్గుచేటు అని రాస్తారు. ఇంకొకరు అధికారుల నంబర్లు పెడతారు. రెండు రోజులకి ట్యాంకరు వస్తే వస్తుంది, లేకపోతే లేదు. ఆ ఫోటో పెట్టడం తప్పని నేను అనను. అది కూడా పెట్టకపోతే మన గోడు కొండ దిగదు. కానీ ఫోటో కింద మనం అడిగేది ఎప్పుడూ ఒకటే, కుళాయి. కుళాయి ఇవ్వండి, బోరు వెయ్యండి, ట్యాంకు కట్టండి. ఆ ఊరికి ఊట ఎక్కడుంది, వేసవిలో ఎంత ఇస్తుంది, దాని పైనున్న కొండ ఎవరి చేతిలో ఉంది అని ఒక్కరం అడగం.

నేను చెప్పాలనుకున్నది ఇదే. మన కొండల్లో నీళ్ళ పథకం అంటే అసలు ఊటే. పైపు, ట్యాంకు, కుళాయి అన్నీ దాని తోక. తోకకి బిల్లులు అవుతున్నాయి, ఊటకి కనీసం ఒక రిజిస్టరు లేదు. ఆ రిజిస్టరు రాయాల్సింది చదువుకుంటున్న మనమే అని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

జల్ జీవన్ మిషన్ 2019 ఆగస్టు 15న ప్రకటించారు. ఇంటింటికీ కుళాయి, మనిషికి రోజుకి 55 లీటర్లు. 2024 కల్లా అయిపోవాలన్నారు, తర్వాత గడువు 2028కి జరిపారు. కాగితం మీద ఆ పథకం మంచిదే, అందులో మనకి పనికొచ్చే విషయాలు చాలా ఉన్నాయి, అవి తర్వాత రాస్తాను. క్షేత్రంలో మా ఊళ్ళో ఏం జరిగిందంటే, ముందు రోడ్డు పక్కన బోరు వేశారు. ఎందుకక్కడ? నీళ్ళు ఉన్న చోటని కాదు, బోరు లారీ ఎక్కగలిగిన చోటని. మొదటి వేసవికే నీళ్ళు తగ్గిపోయాయి. రెండో ఏడాది మోటారు కాలిపోయింది. మా దగ్గర కరెంటు వోల్టేజి సంగతి మీకు చెప్పక్కర్లేదు, ఫోను ఛార్జింగే సగం ఎక్కి ఆగిపోతుంది. కాలిన మోటారు పైకి తీసి బాగు చేయించడానికి కింద నుంచి మనిషి రావాలి. ఆయన వచ్చేసరికి వానలు పడ్డాయి. వానలు పడితే నీళ్ళ సంగతి అందరూ మర్చిపోతారు, మా ఊరోళ్ళతో సహా. ఇప్పుడు ఇంటింటి ముందూ సిమెంటు దిమ్మ, దానికి కుళాయి ఉన్నాయి. మా పిన్ని ఆ కుళాయికి మేక తాడు కడుతోంది.

ఇది మా ఒక్క ఊరి కథే అయితే ఇంత పోస్టు రాయను. సెలవులకి వెళ్ళినప్పుడు మీ ఊళ్ళోనూ చూడండి.

ఇప్పుడు లెక్క చెప్తాను. పోయిన మే నెలలో నేనూ మా చెల్లీ కలిసి ఊరి పైనున్న ఊట కొలిచాం. పెద్ద పరికరాలేమీ లేవు. ఒక బిందె, ఒక ఫోను. బిందె ఎన్ని లీటర్లదో ముందు నీళ్ళ బాటిల్‌తో పోసి చూసుకున్నాం, 16 లీటర్లు. ఊట దగ్గర ఎప్పటినుంచో ఉన్న వెదురు దోనె కింద బిందె పెట్టి స్టాప్‌వాచ్ నొక్కాం. నిండడానికి 2 నిమిషాల 40 సెకన్లు పట్టింది. మూడుసార్లు చూశాం, ఇంచుమించు అంతే. అంటే నిమిషానికి 6 లీటర్లు. చూడ్డానికి ఇది నీళ్ళే కాదు, పిల్లాడి చిటికెనవేలంత ధార. ఇంజినీరు చూస్తే ఇది చాలదమ్మా అనేస్తారు.

కానీ రోజుకి 1,440 నిమిషాలు. నిమిషానికి 6 లీటర్లంటే రోజుకి 8,640 లీటర్లు. మా ఊళ్ళో 34 గడపలు, పిల్లాజెల్లా కలిపి 150 మంది. మనిషికి 55 లీటర్ల లెక్కన కావాల్సింది 8,250. సరిపోయింది! అదీ ఏడాదిలో అన్నిటికంటే ఎండిన నెలలో.

మరి అమ్మలు ఎందుకు లైన్లో నిలబడుతున్నారు? ఎందుకంటే ఊట రాత్రి కూడా పారుతుంది, మనం రాత్రి నిద్రపోతాం. సాయంత్రం 7 నుంచి తెల్లారి 5 దాకా పది గంటలు, అంటే 3,600 లీటర్లు ఎవరూ పట్టుకోకుండా గెడ్డలోకి పోతున్నాయి. పొద్దున్నే 34 ఇళ్ళ ఆడవాళ్ళు ఒకేసారి వస్తే ఒక్కో బిందెకి రెండున్నర నిమిషాల పైనే. ఆఖరామె వంతు వచ్చేసరికి గంటన్నర. నీళ్ళు తక్కువై కాదు, పట్టి ఉంచే తొట్టి లేక. ఒక 10,000 లీటర్ల ట్యాంకు ఊట కింద కట్టి ఉంటే ఆ బోరు, మోటారు, కరెంటు స్తంభం ఏవీ అవసరం లేదు.

ఇది నేను కనిపెట్టిన గొప్ప సంగతేం కాదు. గ్రావిటీ నీళ్ళ పథకం అని మన మన్యంలో చాలా ఏళ్ళ నుంచే ఉంది. విశాఖ జిల్లా నవ నిర్మాణ సమితి లాంటి సంస్థలు ఊటల దగ్గర పెట్టె కట్టి, పైపు వేసి, ఊళ్ళకి నీళ్ళు దించాయి. పాడేరు, అరకు, చింతపల్లి వైపు మీలో చాలామంది అలాంటి నీళ్ళు తాగే పెరిగి ఉంటారు. పద్ధతి చాలా సింపుల్. ఊట కళ్ళు ఉన్న చోట మట్టి తీసి, రాళ్ళు పేర్చి, పైన మూత ఉన్న సిమెంటు పెట్టె కట్టాలి. పశువులు, ఆకులు, వాన బురద లోపలికి పోకూడదు. అక్కడినుంచి ఇసుక, గులకరాళ్ళ ఫిల్టరు. అక్కడినుంచి నల్ల పైపు భూమిలో పూడ్చి ట్యాంకుకి. ట్యాంకు నుంచి కుళాయిలకి. కొండే మోటారు. ప్రతి 10 మీటర్ల దిగుడుకీ సుమారు ఒక కిలో ప్రెషరు వస్తుంది. ఊట ఊరికి 40 మీటర్ల పైన ఉంటే నాలుగు కిలోలు, అది కుళాయికి ఎక్కువే. దిగుడు మరీ ఎక్కువైతే మధ్యలో చిన్న తొట్టి పెట్టి ప్రెషరు విరగ్గొట్టాలి, లేకపోతే కింద పైపు పగులుద్ది. పైపు గెడ్డ దాటే చోట పైకీ కిందకీ వంగితే గాలి చిక్కుకుంటుంది, అక్కడ గాలి వాల్వు కావాలి. (ఇంటర్‌లో ఫ్లూయిడ్స్ చాప్టర్ రెండుసార్లు చదివినా నా బుర్రకి ఎక్కలేదు. పక్క ఊళ్ళో పగిలిన పైపు చూశాక ఎక్కింది.)

ఇందులో బాగు చేయలేని వస్తువు ఒక్కటీ లేదు. పైపు ముక్క, జాయింటు, వాల్వు, ఇసుక. సంతలో దొరకనిది లేదు. మన ఊరి కుర్రాడు ఒక రోజులో నేర్చుకోగలడు. మన దగ్గర డిజైన్ మంచిదా కాదా అనడానికి నేను పెట్టే పరీక్ష ఇది: కింద నుంచి మనిషి రాకుండా మా ఊరు దాన్ని బాగు చేసుకోగలదా? సోలార్ మోటారు కూడా కొన్ని చోట్ల తప్పదు, ఊట ఊరి కన్నా కింద ఉంటే ఏం చేస్తాం. కానీ ఊట పైన ఉన్న ఊరికి కూడా మోటారే పెడుతున్నారంటే, ఆ డిజైన్ ఊరు చూసి గీసింది కాదు.

ఇక్కడ ఒక గొడవ ఉంది, దాచను. నెలకి ఇంటికి ఇరవయ్యో ముప్పయ్యో వేసుకుని పథకం మనమే చూసుకోవాలి అంటే, ఈ గ్రూపులోనే చాలామంది అన్నలకి కోపం వస్తుంది. "పట్నంలో అపార్టుమెంటోళ్ళకి నీళ్ళు గవర్నమెంటు ఇస్తాది, మనకేమో మీరే చూసుకోండి అంటాదా?" అని ఒక అన్న నన్ను అడిగాడు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. ఊరి భాగస్వామ్యం అనే మాట వినగానే నాకూ అనుమానమే, పని ఎగ్గొట్టడానికి వాడే మాటల్లో అదొకటి. జల్ జీవన్ మిషన్‌లో మనలాంటి కొండ ప్రాంతాలకి ఊరి వాటా 5 శాతం అని రాశారు. కూలి రూపంలో కూడా ఇవ్వొచ్చు. ఈ లెక్క మన ఊళ్ళలో ఎవరికైనా చెప్పారా? వాటా తీసుకుంటే హక్కు కూడా ఇవ్వాలి కదా. బోరు ఎక్కడ వెయ్యాలో ఊరిని అడగకుండా, మోటారు కాలినప్పుడు మాత్రం అది మీ ఊరి ఆస్తి అంటే కుదరదు.

నా మాట ఏంటంటే, కట్టడం ప్రభుత్వం పని, అందులో ఒక్క రూపాయి కూడా తగ్గకూడదు. వాల్వు తిప్పడం, ఫిల్టరులో ఇసుక కడగడం, పైపు చిల్లు మూయడం మన పని. ఇరవై రూపాయలు ప్రభుత్వానికి ఆదా చేయడానికి కాదు, మన తాళం మన దగ్గరే ఉండడానికి. 34 ఇళ్ళు నెలకి 20 చొప్పున వేస్తే ఏడాదికి 8,160 అవుతుంది. వాల్వులు, జాయింట్లు, కొంత పైపు కొనుక్కోవచ్చు. ట్యాంకు కూలిపోతే అది మన ఇరవై రూపాయల పని కాదు, అప్పుడు ఐటీడీఏ మెట్లెక్కాల్సిందే, పోట్లాడాల్సిందే. రెండూ కలిపేసి మాట్లాడుతున్నాం కాబట్టే గొడవ.

తాళం అన్నాను కదా, అది ఎవరి చేతిలో ఉండాలి? పథకం నియమాల్లో ఊరి నీటి కమిటీలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలని ఉంది. ప్రతి ఊళ్ళో ఐదుగురు ఆడవాళ్ళకి నీళ్ళు పరీక్షించడం నేర్పాలని ఉంది. మా ఊళ్ళో కమిటీ ఉందని నాకు గోడ మీద రాసిన పేర్లు చూశాకే తెలిసింది. అందులో మా వదిన పేరు ఉంది. ఆమెకి చెప్తే నవ్వింది. "నా పేరు ఎవులు రాసీనారే?" అంది. ఆమె అప్పుడు ఏడో నెల కడుపుతో రోజుకి ఆరుసార్లు ఊటకి ఎక్కి దిగుతోంది. ఏ రాయి దగ్గర కాలు జారుద్దో, ఏ నెలలో ధార సన్నబడుద్దో, పైన ఎవరు పశువుల్ని కడుగుతున్నారో ఊళ్ళో ఆమెకి తెలిసినంత ఎవరికీ తెలీదు. మీటింగ్ జరిగితే మాత్రం కుర్చీల్లో అందరూ మగవాళ్ళే. అన్నలు ఏమీ అనుకోవద్దు. బిందె మోసిన రోజులు లెక్కపెట్టుకుని ఆ లెక్కనే కుర్చీలు వేద్దామా అని నేనంటే, మా నాన్న కూడా బయట నిలబడాల్సి వస్తుంది.

పరీక్ష సంగతి కూడా ఒక మాట. ఊట నీళ్ళు అద్దంలా ఉంటాయి కాబట్టి మంచివే అని మనోళ్ళ నమ్మకం. వేసవిలో చాలావరకు నిజమే. మొదటి వానలప్పుడు కాదు. వాంతులు విరేచనాలు ఎక్కువయ్యేది అప్పుడే. చిన్న సీసా పరీక్ష ఉంది, అందులో నీళ్ళు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే మలం వల్ల కలుషితమైన నీళ్ళయితే నల్లగా మారుతుంది. నేను కెమిస్ట్రీ చదువుతున్నాను కాబట్టి చెప్తున్నా, దానికి డిగ్రీ అక్కర్లేదు, మా వదిన చేయగలదు. ఇంకోటి, మరుగుదొడ్డి గుంత ఊటకి పైవాలులో తవ్వకూడదు. ఇల్లు ఎక్కడుంటే అక్కడే తవ్వేస్తున్నారు, వాలు ఎటు ఉందో చూడట్లేదు.

ఇప్పుడు ఊట పైనున్న కొండ దగ్గరికి వద్దాం. నాకు అసలు భయం ఇక్కడే.

ఊట నీళ్ళు ఎక్కడినుంచో పాతాళం నుంచి రావు. కొండ నెత్తిన పడ్డ వాన మట్టిలో ఇంకి, మెత్తబడ్డ రాతి పగుళ్ళలోంచి మెల్లగా దిగి, కింద గట్టి రాయి తగిలిన చోట పక్కకి వచ్చి బయటపడుతుంది. మన తూర్పు కనుమల్లో ఖోండలైట్ అనే రాయి ఎక్కువ. మన ఖోండు జాతి పేరే ఆ రాయికి పెట్టారు, ఇది తెలిసిన రోజు నాకు భలే అనిపించింది. ఆ రాయి పైపొర శిథిలమై నీళ్ళు పట్టి ఉంచుతుంది. ఆగస్టులో పడ్డ వాన మేలో మన బిందెలోకి రావాలంటే, మధ్యలో కొండ దాన్ని పట్టి ఉంచాలి. కొండ మీద ఆకు, గడ్డి, వేళ్ళు ఉంటే వాన ఇంకుతుంది. బోడి కొండ మీద పడిన వాన ఆ రోజే గెడ్డలో ఎర్రగా పారిపోతుంది.

మా తాత చెప్పేది, ఊట పైన ఉన్న పెద్ద మద్దిచెట్లు పోయిన తర్వాత ఊట కన్ను కిందకి జరిగిపోయిందని. ఊట చుట్టూ చెట్టు ముట్టకూడదని మా ఊళ్ళో కట్టుబాటు ఉండేది, ఇప్పుడు చుట్టూ నాలుగు చెట్లకి అది ఉంది, పైన కొండకి లేదు. కాఫీ తోటలు వచ్చాయి. కాఫీ మనకి డబ్బు ఇచ్చింది, నా ఫీజు కాఫీ గింజల మీదే కట్టాం, దాన్ని తిట్టలేను. నీడ చెట్ల కింద వేసే పంట కాబట్టి పోడు కొట్టిన బోడి కొండ కంటే కాఫీ తోట చాలా మేలు. కానీ నీడకి వరసగా సిల్వర్ ఓక్ ఒక్కటే పెట్టేస్తున్నాం, మిరియాల తీగ పాకడానికి వీలని, తొందరగా పెరుగుతుందని. పనస, నేరేడు, మామిడి, జీలుగు కూడా కలిపి పెట్టుకుంటే ఏం పోయింది? జీలుగు చెట్టు కింద సాయంత్రం మన పెద్దోళ్ళ మీటింగ్‌కి కూడా చోటు ఉంటుంది.

తోటల కంటే నాకు ఎక్కువ బాధ అనిపించేది పళ్ళు కడిగిన నీళ్ళు. డిసెంబరు, జనవరిలో కాఫీ పళ్ళ తొక్క తీసి, పులియబెట్టి, కడిగిన నీళ్ళు తిన్నగా గెడ్డలోకి వదిలేస్తున్నాం. అది పుల్లగా, గోధుమ రంగులో, కంపు కొడుతూ పోతుంది. నీళ్ళలో గాలి లాగేస్తుంది, చేపపిల్ల బతకదు. ఆ గెడ్డ కింద ఊరికి అదే తాగు నీరు. టూరిస్టులు చాపరాయిలో ప్లాస్టిక్ వేస్తున్నారని మనం పోస్టులు పెడతాం, వెయ్యాలి కూడా. అదే నోటితో ఈ సంగతి కూడా మాట్లాడుకోవాలి. గెడ్డకి దూరంగా గుంత తవ్వి అందులో ఇంకనిస్తే చాలు, తొక్క ఎరువుకి పనికొస్తుంది.

ఇంకో చిక్కు ఉంది, చాలామందికి తట్టనిది. మన ఊట మన ఊళ్ళో ఉన్నంత మాత్రాన దానికి నీళ్ళిచ్చే కొండ వాలు మన ఊరిదే కానక్కర్లేదు. లోపల రాతి పొరలు ఏ వైపు వాలి ఉన్నాయో దాన్నిబట్టి, కొండకి అవతలి వైపు పడ్డ వాన ఇవతలి ఊటలోకి రావచ్చు. అంటే మన ఊట బతకాలంటే పక్క ఊరు తన కొండని కాపాడాలి. సిక్కింలో ఇదే పని చేశారు. 2008 నుంచి ధారా వికాస్ అనే పేరుతో, ఏ ఊటకి ఏ కొండ నీళ్ళిస్తుందో ముందు కనిపెట్టి, ఆ పై వాలులో అడ్డంగా కందకాలు, చిన్న గుంటలు ఉపాధి హామీ కూలితో తవ్వించారు. ఎండిపోయిన ఊటలు కొన్ని మళ్ళీ పారాయి. మనకీ ఉపాధి హామీ పనుల్లో కందకాలు తవ్విస్తున్నారు, కానీ ఊట లెక్కకీ కందకం లెక్కకీ ఏ సంబంధమూ లేదు. కొలతలు పడ్డాయా, డబ్బులు పడ్డాయా అంతే. ఊట మ్యాపు మన చేతిలో ఉంటే, ఈసారి కందకం ఇక్కడ తవ్వుదాం అని గ్రామసభలో మనమే అడగొచ్చు.

నది సంరక్షణ అని విశాఖలో మీటింగులు పెడతారు. మా కాలేజీలో కూడా ఒకటి పెట్టారు, ర్యాలీ, బ్యానరు, టోపీలు. గోస్తని నదిని కాపాడుకుందాం అన్నారు. మంచిదే. గోస్తని ఎక్కడ పుట్టింది? మన అనంతగిరి కొండల్లో. బొర్రా గుహల్లోంచి పారి, తాటిపూడి రిజర్వాయరులో నిండి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ తాటిపూడి నీళ్ళు విశాఖ నగరం తాగుతుంది. ఇంకోవైపు ఏజెన్సీ కొండల నుంచి దిగిన శారద నది మీద రైవాడ రిజర్వాయరు, అదీ విశాఖకి నీళ్ళిస్తుంది. అంటే నగరం కుళాయిలో మన కొండ వాన ఉంది. ఆ నది మొదలయ్యే ఊళ్ళలో ఆడవాళ్ళు చలమలు తోడుకుంటుంటే, నది సంరక్షణ అంటే ఒడ్డున చెత్త ఏరడం ఒక్కటే ఎలా అవుతుంది? ఊటలు కలిస్తే గెడ్డ, గెడ్డలు కలిస్తే గోస్తని. నగరం నిజంగా నదిని కాపాడాలనుకుంటే ఆ ర్యాలీ డబ్బులో కొంత పై ఊళ్ళలో ఊట పెట్టెలకి పంపొచ్చు. ఆ రోజు ఈ మాట అడిగాను కూడా. అక్కడున్న సార్ చాలా మంచి ప్రశ్న అని చెప్పి మైకు పక్కవాళ్ళకి ఇచ్చేశారు.

చట్టం మన వైపు ఎంతుందో తెలుసుకోకపోతే ఇవన్నీ గాలి మాటలే. పెసా చట్టం 1996లో వచ్చింది, మన రాష్ట్రంలో నియమాలు 2011లో. సెక్షన్ 4(జె) ప్రకారం షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకి అప్పగించాలి. అదే చట్టం ఒక ఆవాసాన్ని కూడా గ్రామంగా, దానికి గ్రామసభ ఉండేదిగా చూస్తుంది. మన పంచాయతీల్లో పది పదిహేను ఊళ్ళు ఉంటాయి, సభ మాత్రం పంచాయతీ ఆఫీసు దగ్గర జరుగుతుంది, పై ఊరోళ్ళు వచ్చేసరికి సంతకాలు అయిపోతాయి. ఊట సంగతి ఊళ్ళోనే కూర్చుని తేల్చుకోవాలి. అటవీ హక్కుల చట్టం 2006 సెక్షన్ 5 చూడండి, పరీవాహక ప్రాంతాన్నీ నీటి వనరుల్నీ కాపాడే అధికారం గ్రామసభకి ఇచ్చింది. ఇంకా ముఖ్యమైనది సెక్షన్ 3(2). అడవి భూమిలోంచి పైపు వెయ్యనివ్వరు అని చెప్పి మన దగ్గర ఎన్ని పథకాలు ఆగాయో మీకు తెలుసు. ప్రభుత్వం నడిపే తాగునీటి పథకం, పైపులైను కోసం, ఒక్కో పనికి ఒక హెక్టారు లోపు, హెక్టారుకి 75 చెట్లకి మించకుండా, గ్రామసభ సిఫారసు ఉంటే అడవి భూమి ఇవ్వొచ్చని ఆ సెక్షన్‌లో ఉంది. ఈసారి ఎవరైనా కుదరదంటే ఆ సెక్షన్ నంబరు చెప్పి, కుదరదని రాసివ్వమని అడగండి.

సభ తీర్మానం ఒక కాగితమే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. బొర్రా పంచాయతీ చుట్టుపక్కల గనుల లీజుల మీద మొదలైన సమత కేసులో 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఏం చెప్పిందో మనందరికీ తెలుసు, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమి కూడా గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకి లీజుకి ఇవ్వకూడదని. పక్కన ఒడిశాలో 2013లో నియమగిరి డోంగ్రియా కోందులు 12 గ్రామసభల్లో పన్నెండిట్లోనూ బాక్సైట్ తవ్వకం వద్దన్నారు. వాళ్ళు సభలో చెప్పిన మాటల్లో కొండ, దేవుడు, ఊటలు అన్నీ కలిసే ఉన్నాయి. మనకి 2015లో జీవో 97 వచ్చింది, పోరాడాం, 2019లో రద్దయింది. ఇప్పుడు పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టుల పేర్లు వింటున్నాం, పెదకోట, గుజ్జిలి, చిట్టంవలస. కింద ఒక రిజర్వాయరు, పైన ఒకటి, మిగులు కరెంటుతో నీళ్ళు పైకి తోడి, కరెంటు గిరాకీ ఉన్నప్పుడు కిందకి వదలడం. దాని మంచిచెడ్డల మీద ఇంకో పోస్టు కావాలి. నేను చెప్పేది ఒక్కటే. రేపు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టి, ఇక్కడ చెప్పుకోదగ్గ నీటి వనరులేమీ లేవు అని ఎవరైనా కాగితం చదివితే, మన దగ్గర ఏముంది చూపించడానికి? కన్నీళ్ళు ఉన్నాయి, నినాదాలు ఉన్నాయి. ఫలానా ఊరు, ఫలానా ఊట, మే నెలలో నిమిషానికి ఆరు లీటర్లు, 150 మంది తాగుతున్నారు, ఇదిగో తేదీలు, ఇదిగో సభ తీర్మానం అని ఒక రిజిస్టరు ఉంటే ఆ మాట ఎవరూ తోసెయ్యలేరు.

అందుకే ఈ వేసవికి ఒక పని అడుగుతున్నాను. ఊరెళ్ళాక ఊట దగ్గరికి అమ్మతోనో అక్కతోనో వెళ్ళండి, వాళ్ళు వెళ్ళే వేళకే. బిందె కొలిచి, మూడుసార్లు టైము చూసి, మధ్యది రాయండి. ఎంత మంది తాగుతున్నారో, పశువులు కూడా అక్కడే తాగుతాయా, పైన ఏముంది, అడవా, కాఫీయా, పోడా, ఇళ్ళా అని రాయండి. పెద్దోళ్ళని అడిగి, ఆ ఊట ఎప్పుడైనా ఎండిందా, ఎండితే ఏ ఏడు అని రాయండి. మా తాతకి ఏడాది నంబర్లు తెలీవు, మా నాన్న పెళ్ళయిన ఏడు అంటాడు, అలాగే రాయండి, తర్వాత లెక్క కట్టుకుందాం. ఊటకి పేరు ఉంటే ఆ పేరు మన భాషలోనే రాయండి. మళ్ళీ డిసెంబరులో ఒకసారి కొలవాలి, అప్పుడే తేడా తెలుస్తుంది.

కొలిచినవి ఊరి పేరు, పంచాయతీ, మండలంతో ఇక్కడే పెట్టండి. అరకు, అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట మండలాలవి నేను ఒక పుస్తకంలో ఎక్కిస్తాను, మిగతా మండలాలకి ఎవరైనా ముందుకి రండి. ఈసారి మా ఊటని మే మొదటి వారంలో కొలుస్తాం, పోయినేటి 2 నిమిషాల 40 సెకన్ల పక్కన రాస్తాం. బిందె ఎన్ని లీటర్లదో రాయడం మాత్రం మర్చిపోకండి, స్టీలు బిందెకీ ప్లాస్టిక్ బిందెకీ తేడా ఉంటుంది.